నాలుగు హద్దుల సాక్ష్యం

పాత కుటుంబాలలో ఇంటికొక ట్రంకు పెట్టె ఉంటుంది. దాని అడుగున, పాత శాలువా కింద, గుడ్డలో మూటగట్టిన కాగితాలు కొన్ని ఉంటాయి. అవేమిటని పిల్లలు అడిగితే, ‘మీ పర్‌దాదా కాలం నాటి పార్సీ కాగితాలు, ఇప్పుడు చదివేవారెవరూ లేరు’ అని పెద్దలు చెబుతారు. పారవేయటానికి మనసొప్పదు, విప్పి చూడటానికి తీరిక దొరకదు. ఇంతలో ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టించే రోజు వస్తుంది. నేల, నగలు, నగదు వాటాలు పడతాయి గాని ఆ మూట ఎవరి వాటాకూ రాదు. చివరికి అది చిత్తుకాగితాల బండి ఎక్కుతుంది.

ఆ మూట విలువ ఎంత, అసలు అది ఎవరి సొత్తు అన్నది ఈ నెల ఆలోచిద్దాం. మాట గాలిలో తేలిపోకుండా ఉండటానికి ఒక ఊరిని ఎదురుగా పెట్టుకుందాం. ఆ ఊరు కృష్ణా జిల్లా మచిలీపట్నం, మనందరి నోట బందరు. ఆ ఊరిని ఎంచుకోవటానికి కారణం ఉన్నది. బందరును గురించి కాగితాలకు కొరత లేదు. దాని పటాలు హేగ్‌లో, పారిస్‌లో, లండనులో భద్రంగా ఉన్నాయి. అయినా బందరులోని ఫలానా వీధిలో ఎవరి పక్కన ఎవరు నివసించారో తెలుసుకోవాలంటే ఆ పటాలు చాలవు. ఆ సంగతి చెప్పగల కాగితం ఆ వీధిలోనే, ఏదో ఒక ఇంటి పెట్టెలో ఉండాలి.

పటాలు గీసినవారు

బందర్ అనేది పార్సీ మాట. ఓడరేవు అని దానికి అర్థం. గోల్కొండ సుల్తానుల రాజ్యానికి మచిలీపట్నం ముఖ్యమైన రేవు గనుక, రేవు అన్న మాటే ఊరి పేరుగా స్థిరపడిపోయింది. ఇక్కడి అద్దకపు బట్టలు, కలంకారీ వస్త్రాలు ఇరాన్‌కు, అరబ్బు రేవులకు, బర్మాకు, సుమత్రాకు వెళ్ళేవి. ఎర్రసముద్రం వైపు సాగే ఓడలలో సరుకుతోపాటు హజ్ యాత్రికులూ ప్రయాణించేవారు. ఇరాన్ నుండి వచ్చి గోల్కొండ కొలువులో ఎదిగి, తర్వాత మొగలుల సేనానిగా పేరు మోసిన మీర్ జుమ్లా ఒకప్పుడు ఈ రేవుకు పాలనాధికారి. అబ్దుల్లాహ్ కుతుబ్ షా 1639లో బందరుకు వచ్చిన వైనం ‘హదీఖతుస్సలాతీన్’ అనే పార్సీ చరిత్ర గ్రంథంలో నమోదై ఉన్నది.

రేవు సంపద చూసి దూరదేశాల వర్తకులు వచ్చారు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు ఇక్కడ తమ వర్తక స్థావరాలు నెలకొల్పారు. వచ్చినవారు లెక్కలు రాశారు, ఉత్తరాలు రాశారు, పటాలు గీశారు. ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి విలియం మెథ్‌వోల్డ్ 1620 ప్రాంతంలో తాను చూసిన బందరు జనసమ్మర్దం గల ఊరే గాని, చుట్టూ గోడ లేదని, అక్కడి నీరు ఉప్పన అని నమోదు చేశాడు. డేనియల్ హవార్ట్ అనే డచ్చి ఉద్యోగి కోరమాండల్ తీరంలో తమ కంపెనీ ఎదిగిన తీరు, దెబ్బతిన్న తీరు వివరిస్తూ 1693లో ఒక గ్రంథం అచ్చు వేయించాడు. ఆయన పార్సీ నేర్చుకొని షేఖ్ సాదీ ‘బోస్తాన్’ను డచ్చి భాషలోకి అనువదించినవాడు కూడా. 1672లో బాల్దేయస్ అనే డచ్చి మతాచార్యుని గ్రంథంలో బందరు దృశ్యచిత్రం అచ్చయింది. 1764లో ఫ్రెంచి నౌకాపటాల నిపుణుడు బెలాఁ తన అట్లాసులో బందరుకు ఒక పటం కేటాయించాడు.

ఈ పటాలను ముందు పెట్టుకొని చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. పటం గీసినవాడికి ఏది కావాలో అదే పటంలో ఉంటుంది. వర్తకుడికి ఓడ లంగరు వేసే తావు, సరుకు దించే ఒడ్డు, గిడ్డంగి కావాలి. సైనికుడికి కోట బురుజులు, వాటి చుట్టూ ఉన్న ఉప్పు బురద నేల, ఆ బురద మీదుగా ఊరి నుండి కోటకు వెళ్ళే గట్టు కావాలి. బందరు కోట ఊరికి ఆగ్నేయంగా సుమారు మైలున్నర దూరంలో అటువంటి బురద నడుమ ఉండేది. 1750లో ఫ్రెంచివారి వశమైన ఆ కోటను 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ నాయకత్వాన ఇంగ్లీషువారు రాత్రివేళ ముట్టడించి పట్టుకున్నారు. ఆ యుద్ధం కోసం బురద లోతు కూడా లెక్కలోకి వచ్చింది. కాని ఊరిలోని మసీదులో ఇమామతు చేసినవారు ఎవరు, బావి తవ్వించిన తల్లి ఎవరు, అద్దకపువారి గుడిసెలు ఏ వరుసలో ఉండేవి అన్నవి ఆ సైనికుడికి అక్కరలేదు. అందుచేత పటంలో అవి లేవు.

దీనికి పటాలను తప్పుపట్టి ప్రయోజనం లేదు. అవి తమ యజమానుల అవసరాన్ని నిజాయితీగానే తీర్చాయి. మన అవసరం తీర్చే పని మాత్రం మనదే.

ఊరు తనంతట తాను దాచుకున్న పటం ఒకటి ఉన్నది. అది పేట పేర్లు. బందరులో నేటికీ ఇంగ్లీషుపాలెం ఉన్నది. హాలెండువారు, అంటే వలందులు ఉన్న చోటు వలందపాలెం. ఫ్రెంచివారిని మనవాళ్ళు పరాసులన్నారు గనుక పరాసుపేట. ఓడలు పోయి, కంపెనీలు పోయి, సమాధి రాళ్ళ మీది డచ్చి అక్షరాలు చదివేవారు కరవైనా, రిక్షావాడి నోట ఆ చరిత్ర రోజూ పలుకుతూనే ఉన్నది. పేరు మార్చటం ఎంత సులభమో, ఆ పేరుతోపాటు పోయేదాన్ని తిరిగి తేవటం అంత కష్టం.

1864లో నీరు తీసుకుపోయినవి

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీద ఉప్పెన విరుచుకుపడింది. సముద్రం ఊరి మీదికి వచ్చింది. సుమారు 30 వేల మంది ప్రాణాలు కోల్పోయారని ఆ కాలపు లెక్కలు చెబుతున్నాయి. మనుషులే కొట్టుకుపోయిన చోట కాగితాల మాట ఎత్తటం అల్పంగా తోచవచ్చు. కాని బతికి బయటపడినవారు మరునాడు వెతుక్కున్నవాటిలో కాగితాలూ ఉండి ఉంటాయి. ఈ స్థలం మాది అని, ఈ అప్పు తీరిపోయింది అని, ఈ అనాథ ఫలానావారి బిడ్డ అని చెప్పటానికి కాగితం కావాలి. సాక్షులు మునిగిపోయిన ఊళ్ళో కాగితమే సాక్షి.

దివ్యఖురాన్‌లోని అన్ని ఆయతులకన్నా పొడవైనది బఖరా సూరాలోని 282వ ఆయతు అని మదరసాలో చిన్న పిల్లలకు కూడా నేర్పుతాము. అది నమాజును గురించినది కాదు, ఉపవాసాన్ని గురించినది కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు దానిని రాసుకోవాలని, న్యాయంగా రాసే లేఖకుడు ఉండాలని, సాక్షులను పెట్టుకోవాలని అందులో ఆదేశం ఉన్నది. కాగితం విషయంలో మన ధర్మం ఎంత శ్రద్ధ చూపిందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

బందరుది సముద్ర తీరం. చెమ్మ, ఉప్పుగాలి, చెదలు అన్నీ కాగితానికి శత్రువులే. అంతటి ఉప్పెన తర్వాత కూడా ఒక కుటుంబం దగ్గర అంతకుముందు నాటి పత్రం నిలిచి ఉన్నదంటే, ఎవరో ఒకరు దానిని ప్రాణంతో సమానంగా కాపాడి ఉండాలి. అలా కాపాడినదాన్ని ఇల్లు ఖాళీ చేసే తొందరలో మనం పోగొట్టుకోవటం న్యాయం కాదు.

మూటలో ఏముంటాయి?

సాధారణంగా ఇటువంటి మూటలలో దొరికేవి ఇవి: స్థలం కొన్నప్పటి బైనామా, అంటే క్రయపత్రం, కూతురికో భార్యకో ఇచ్చిన దానాన్ని తెలిపే హిబానామా, మహర్ వివరంతో కూడిన నికాహ్‌నామా, మసీదుకో ఖబరస్తాన్‌కో సత్రానికో ఆస్తిని అంకితం చేసిన వక్ఫునామా, ఖాజీ, ఖతీబు, మదరసా సేవకు నవాబులు ఇచ్చిన ఇనాము సనదు, వంశవృక్షమైన షజరా, వాటితోపాటు చిల్లర లెక్కలు, ఉత్తరాలు, కరణంగారి రసీదులు.

వీటిని చూసి బెదిరిపోవటానికి మొదటి కారణం లిపి. చాలావరకు అవి షికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉంటాయి. చుక్కలు ఉండవు, అక్షరాలు ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి. సొమ్ము మొత్తాన్ని సియాఖ్ అనే ప్రత్యేకమైన లెక్కల లిపిలో వేస్తారు. చూడటానికి గీతల ముడిలా ఉంటుంది గాని, అది అరబ్బీ సంఖ్యాపదాల సంక్షిప్త రూపం. మోసాన్ని అరికట్టటానికి పాత లేఖకులు ఒక ఉపాయం పాటించేవారు. మొత్తం రాసి, దానిలో సగం ఇంత అని కూడా రాసేవారు. నూరు రూపాయలు, దాని సగం యాభై అని ఉంటే, తర్వాత ఎవరూ నూరును వేయి చేయలేరు.

రెండో కారణం తేదీ. ఒకే రోజు నాలుగు లెక్కలలో కనబడుతుంది. ఉప్పెన వచ్చిన 1864 సంవత్సరమే పార్సీ పత్రంలో హిజ్రీ 1281, రెవెన్యూ కాగితంలో ఫసలీ 1274, తెలుగు దస్తావేజులో రక్తాక్షి. ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం తెలుస్తుంది. ఒక జాగ్రత్త అవసరం. ఖాజీ మొహరులో చెక్కి ఉన్న సంవత్సరం ఆ మొహరు తయారైన సంవత్సరమే గాని పత్రం రాసిన సంవత్సరం కాదు. ఒకే మొహరును ఒక ఖాజీ ఏళ్ళ తరబడి వాడతాడు. పత్రం తేదీ కోసం చివరి పంక్తులు చూడాలి.

మూటలో తెలుగు కాగితాలు ఉంటే అవి మనవి కావని పక్కన పెట్టకండి. గోల్కొండ కచేరీలలోనే పార్సీ, తెలుగు రెండూ కలిసి ఉన్న పత్రాలు వెలువడ్డాయి. పైన పార్సీ, కింద తెలుగు, మధ్యలో మొహరు. మన పూర్వీకులు రెండు భాషల నీడలో బతికినవారు.

హద్దులు చెప్పే మాట

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. క్రయపత్రమైనా, హిబానామా అయినా, వక్ఫునామా అయినా స్థలాన్ని గురించినదైతే అందులో తప్పనిసరిగా ఉండేది ‘హుదూదె అర్బా’, అంటే నాలుగు హద్దులు. తెలుగు దస్తావేజులలో చతుస్సీమలంటారు. చదివేవారు సాధారణంగా ఆ భాగాన్ని దాటేసి, ఎవరు ఎవరికి ఎంతకు అమ్మారో చూసి ఊరుకుంటారు. నిజానికి ఊరి చరిత్రకు అందులో అన్నిటికన్నా విలువైనది ఆ నాలుగు పంక్తులే.

ఒక ఇంటి క్రయపత్రంలో తూర్పున చేనేతవారి ఇల్లు, పడమర మసీదు ప్రహరీ, ఉత్తరాన రాజబాట, దక్షిణాన ఒక శెట్టిగారి కొట్టు అని ఉన్నదనుకోండి. ఆ పత్రం ఒక ఇంటిది. కాని అది నాలుగు స్థలాలను గురించి మాట్లాడుతున్నది. మసీదు వక్ఫునామా దొరికితే దాని తూర్పు హద్దుగా ఈ ఇల్లే కనబడాలి. చేనేతవారి దస్తావేజులో పడమటి హద్దుగా ఇదే ఇల్లు రావాలి. మూడు కాగితాలు పక్కపక్కన పరిస్తే ఒక వీధి లేచి నిలబడుతుంది. పదిమంది తమ మూటలు విప్పితే ఒక పేట కనబడుతుంది. డచ్చివారు గీయనిది, ఫ్రెంచివారికి అక్కరలేనిది, ఇంగ్లీషు సర్వేయరు చూడనిది అయిన పటం ఇది. దానిని గీసినవారు ఆ వీధిలో బతికినవారే.

ఇక్కడ ఫిఖ్‌హ్ శాస్త్రంలోని ఒక సూత్రాన్ని గుర్తు చేయాలి. తనకు లాభం తెచ్చుకునే సాక్ష్యం చెల్లదు. నా స్థలం నాదే అని నేను చెబితే అది వాదం అవుతుంది గాని సాక్ష్యం కాదు. నా పొరుగువాడు చెబితే సాక్ష్యం. హద్దుల సంగతీ ఇంతే. మసీదు స్థలం ఎక్కడి వరకు ఉన్నదన్న వివాదం వస్తే, మసీదు కమిటీ చూపే కాగితం కంటే, పక్కింటి శెట్టిగారు తన కొట్టు కోసం రాయించుకున్న దస్తావేజులోని ‘ఉత్తరం: మసీదు గోడ’ అన్న రెండు మాటలకు బరువు ఎక్కువ. ఆయనకు అందులో లాభం లేదు. తన స్థలం ఎక్కడ ముగిసిందో చెప్పుకున్నాడు, అంతే.

దీని నుండి వెలువడే ధర్మాన్ని ఆలోచించండి. మన సాక్ష్యం పొరుగువారి పెట్టెలో ఉన్నట్లే, పొరుగువారి సాక్ష్యం మన పెట్టెలో ఉన్నది. మన పాత క్రయపత్రాన్ని చిత్తుకాగితాలలో వేస్తే మనకు నష్టం లేకపోవచ్చు. ఇల్లు ఎప్పుడో అమ్ముకున్నాం గదా అనుకోవచ్చు. కాని ఆ కాగితంలో దక్షిణ హద్దుగా ఉన్న ఖబరస్తాన్‌కు, పడమటి హద్దుగా ఉన్న గుడి మాన్యానికి, తూర్పున ఉన్న వితంతువు ఇంటికి మిగిలిన ఒకే ఒక్క నిష్పాక్షిక సాక్షిని మనం చంపినవాళ్ళమవుతాము. అందుచేత ఆ మూట మన ఒక్కరి సొత్తు కాదు. అది అమానతు. పొరుగు హక్కు గురించి దైవప్రవక్త (సఅసం) ఎంతగా నొక్కి చెప్పారో మనకు తెలిసినదే. పొరుగువారి హద్దును కాపాడే కాగితాన్ని భద్రపరచటం కూడా ఆ హక్కులో భాగమే.

సర్కారు పుస్తకాలు

ఇంటి కాగితం ఒంటరిగా నిలబడదు. దానికి తోడు సర్కారు దగ్గర ఉన్న రికార్డులు చూడాలి. మద్రాసు రాష్ట్రంలో 1858లో ఇనాం కమిషన్ ఏర్పడింది. మసీదులకు, దర్గాలకు, గుళ్ళకు, ఖాజీలకు, పురోహితులకు పూర్వపు పాలకులు ఇచ్చిన మాన్యాలన్నిటినీ అది విచారించింది. ఎవరు ఇచ్చారు, ఏ సేవకు ఇచ్చారు, మొదట పొందినవారు ఎవరు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, చూపిన కాగితం ఏది అన్న వివరాలు ఇనాం ఫెయిర్ రిజిస్టరులో గళ్ళు గళ్ళుగా రాసి ఉంటాయి. ప్రివీ కౌన్సిల్ నాటి నుండి న్యాయస్థానాలు ఈ రిజిస్టరును ఎంతో విలువైన సాక్ష్యంగా పరిగణిస్తూ వచ్చాయి. మీ మూటలో ‘టైటిల్ డీడ్’ అని అచ్చు వేసిన పాత ఇంగ్లీషు కాగితం, దాని మీద ఒక నంబరు ఉంటే, అది ఆ విచారణ ఫలితమై ఉండవచ్చు. ఆ నంబరే రిజిస్టరుకు తాళంచెవి.

బ్రిటిష్ పాలనలో రిజిస్ట్రేషన్ చట్టం 1864లో వచ్చింది. నేడు అమలులో ఉన్నది 1908 నాటి చట్టం. రిజిస్టరైన దస్తావేజు పోయినా, నంబరో సంవత్సరమో తెలిస్తే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు కోరవచ్చు. సర్వే శాఖ వద్ద గ్రామ పటాలు, పొలం కొలతల పుస్తకాలు, పట్టణాలకు టౌను సర్వే రికార్డులు ఉంటాయి. మీ ఊరి పాత గ్రామ పటం ప్రతిని తెచ్చుకొని, ఖబరస్తాన్, ఈద్గా, కుంట, బాట ఏ సర్వే నంబరులో ఉన్నాయో చూడండి. ఎన్నో చోట్ల ఖబరస్తాన్‌లు రికార్డులో శ్మశాన పోరంబోకుగా నమోదై ఉంటాయి. అందులో తరతరాలుగా మన పెద్దలు నిద్రిస్తున్నారన్నది మనకు తెలుసు, పుస్తకానికి తెలియదు. 2025లో వచ్చిన వక్ఫు సవరణ చట్టం ప్రకారం ఇకపై వక్ఫునామా లేకుండా కొత్త వక్ఫు ఏర్పడదు. రాత లేని మాటకు చోటు తగ్గిపోతున్న కాలమిది.

ఇంకా లోతుగా వెళ్ళదలచిన విద్యార్థులకు దారులు ఉన్నాయి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ భాండాగారంలో షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి మొగలు పత్రాలు లక్షన్నరకు పైగా ఉన్నాయి. కంపెనీ కాలపు మచిలీపట్నం రికార్డులు చెన్నై ఎగ్మూరులోను, లండనులోని బ్రిటిష్ లైబ్రరీలోను ఉన్నాయి. డచ్చి కంపెనీ పత్రాలను యునెస్కో 2003లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు మొదలైనవారు ఊరూరా సేకరించిన కైఫియతులు స్థానిక చరిత్రకు గని. పార్సీ చదవగల మదరసా విద్యార్థికి ఈ రంగంలో చేతినిండా పని ఉన్నది. మనం పాఠ్యాంశంగా నేర్చుకొని మరచిపోయే భాష, ఒక ఊరికి జ్ఞాపకం తిరిగి ఇవ్వగలదు.

మనకు వ్యతిరేకంగా పలికే కాగితం

మూట విప్పటానికి భయపడేవారు కూడా ఉన్నారు. ఆ భయానికి కారణం చెదలు కాదు. అందులో ఫూఫీకి రాసిచ్చిన హిబానామా ఉండవచ్చు. ఆమె వాటా ఆమెకు అందలేదని ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండవచ్చు. మనం సొంత ఇల్లుగా అనుభవిస్తున్నది నిజానికి ముతవల్లీగా పూర్వీకుడు కాపాడవలసిన వక్ఫు అని తేలవచ్చు. దాదీమాకు చెల్లించని మహర్ లెక్క కనబడవచ్చు.

కంపెనీవారి పటాలలో స్త్రీ పేరు వెతికితే కనిపించదు. కుటుంబ కాగితాలలో మాత్రం ఆమె ఉన్నది. ఫలానావారి కుమార్తె, ఫలానావారి భార్య అంటూ సొంత పేరుతో, సొంత ఆస్తితో, కొన్నిసార్లు తన మొహరుతో కూడా ఉన్నది. ఆ కాగితం పోతే ఆమె రెండోసారి మరణిస్తుంది. సాక్ష్యం మీకే వ్యతిరేకమైనా, మీ తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకమైనా న్యాయం మీద నిలబడండి అన్న భావం నిసా సూరాలోని 135వ ఆయతులో ఉన్నది. మనకు అనుకూలమైన కాగితాన్ని ఫ్రేము కట్టి, ప్రతికూలమైనదాన్ని పొయ్యిలో పెట్టే ఇంటికి చరిత్ర మీద ప్రేమ ఉన్నదని చెప్పలేము. అది ఆస్తి మీద ప్రేమ మాత్రమే.

అలాగే లేనిదానిని సృష్టించటమూ అపరాధమే. వంశ గౌరవం కోసం షజరాలో పేర్లు చేర్చటం, పాత కాగితం మీద కొత్త సిరాతో దిద్దటం కొందరికి తేలికగా తోస్తుంది. హదీసు విద్వాంసులు అబద్ధపు ఉల్లేఖకులను పుట్టిన, మరణించిన సంవత్సరాల లెక్కతో పట్టుకునేవారు. హిజ్రీ ఐదో శతాబ్దంలో బాగ్దాదులో ఒక పత్రం బయటపడింది. దైవప్రవక్త (సఅసం) ఖైబర్ వాసులకు జిజియా మినహాయించినట్లు అందులో ఉన్నది. ఖతీబ్ బాగ్దాదీ దానిని చూసి కల్పితమని తేల్చారు. సాక్షులలో ఒకరైన ముఆవియా (రజి) ఇస్లాం స్వీకరించింది మక్కా విజయం నాడు, అంటే హిజ్రీ 8లో. మరొక సాక్షి సఅద్ బిన్ ముఆజ్ (రజి) మరణించింది హిజ్రీ 5లో. ఖైబర్ విజయం హిజ్రీ 7లో. తొమ్మిది వందల ఏళ్ళు దాటినా ఆ పరీక్ష నేటికీ ఆదర్శమే. మీ మూటలో ఔరంగజేబు ఫర్మానా ఉన్నదంటే సంతోషమే. ఆయన మరణించింది 1707లో అన్నది గుర్తుంచుకొని తేదీ చూడండి.

చేయవలసిన పని

మూటను పగటి వెలుతురులో, శుభ్రమైన పొడి గుడ్డ మీద విప్పండి. మడతలు బలవంతంగా తీయకండి. ఉన్న వరుసను మార్చకుండా ప్రతి కాగితాన్ని ముందూ వెనకా ఫోటో తీయండి. వెనక ఉన్న చిన్న రాత, స్టాంపు వెండరు సంతకం ఎంతో చెప్పగలవు. లామినేషన్ చేయించకండి. అది కాగితాన్ని లోపల ఉడికిస్తుంది, తిరిగి ఊడదు. సెల్లోటేపు అంటించకండి. దాని జిగురు కొన్నేళ్ళకు పసుపు మరకై అక్షరాన్ని తినేస్తుంది. తడిసిన కాగితాన్ని ఎండలో కాక నీడలో, గాలి తగిలేలా ఆరబెట్టండి. శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి, నేలకు ఎత్తుగా, గోడకు దూరంగా ఉంచండి. నంబరు వేయాలంటే కాగితం మూల పెన్సిలుతో వేయండి, పెన్నుతో వద్దు.

తర్వాత ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ కాగితం, ఏ సంవత్సరం, నాలుగు హద్దులు ఏవి, సాక్షులు ఎవరు అన్నది రాయండి. ఈ మూట ఎవరి నుండి ఎవరికి వచ్చిందో కూడా రాయండి. హదీసుకు సనదు ఎలాగో కాగితానికి ఈ వరుస అలాంటిది. ముప్పై ఏళ్ళు దాటిన పత్రం, ఉండవలసిన చోటు నుండే వచ్చినదైతే, న్యాయస్థానం దాని సంతకాలను నిజమైనవిగా భావించే వీలు సాక్ష్యాధారాల చట్టంలోనే ఉన్నది. ఎక్కడ ఉండేది, ఎవరు కాపాడారు అన్నది అందుకే ముఖ్యం. అసలు కాగితాన్ని తెలియనివారి చేతికి ఇవ్వవద్దు. చదివించుకోవటానికి ఫోటో చాలు.

ఇంట్లో నానీ ఉంటే ఆమె పక్కన కూర్చొని, పాత ఇంటికి ఏ వైపు ఎవరుండేవారో అడగండి. ఆమె చెప్పే నాలుగు పేర్లను కాగితంలోని నాలుగు హద్దులతో పోల్చండి. ఆ తర్వాత పొరుగు ఇంటి తలుపు తట్టండి. వారిది ఏ మతమైనా, ఏ కులమైనా, వారి పాత దస్తావేజులో మీ తాతల పేరు ఒక హద్దుగా ఉండి ఉంటుంది. మీ కాగితంలో వారి తాతల పేరు ఉంటుంది. రెండిటి ప్రతులనూ ఇచ్చిపుచ్చుకోండి. జుమా తర్వాత పేటలోని నాలుగు కుటుంబాలు ఒక గంట కూర్చుంటే, నెల తిరగకుండా ఒక వీధి పటం చేతికి వస్తుంది. దాని ప్రతి ఒకటి మసీదులో, మరొకటి ఊరి గ్రంథాలయంలో ఉంచండి.

హేగ్‌లోని పటాలను కాపాడేవారు హేగ్‌లో ఉన్నారు. మీ పెట్టెలోని నాలుగు పంక్తులను కాపాడవలసినవారు మీరే. మన చేతికి వచ్చిన అమానతులను సంపూర్ణంగా అప్పగించే భాగ్యాన్ని, మనకు వ్యతిరేకమైనా సత్యాన్ని దాచని ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.